బూజునుండి మందు: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనా జీవితము

(గౌనిపల్లిలో మన పాఠశాల వార్షికోత్సవ సభయందు, తల్లిదండ్రులనుద్దేశించి, ఒక విశ్రాంతోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాటలాడవలసినదని సంఘమువారు కోరినపుడు నేను కొంత సంకోచించితిని. నేను పండితుడను గాను, వక్తను గాను. ముప్పదియేండ్లు పిల్లలకు రసాయనశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్న ఉపాధ్యాయుడను మాత్రమే. “విజ్ఞానవిషయ మేదైన ఒకటి, మన తెలుగులో, తల్లులకు గూడ తెలియునట్లు చెప్పుడు” అని కార్యదర్శిగారు ఆదేశించిరి. తల్లులకు తెలిసిన వస్తువుతోనే ప్రారంభించుట మేలని తలచి, నేడు బూజును గూర్చి ముచ్చటింపదలచితిని.

బూజనగానే కొందరు నవ్వుచున్నారు. నవ్వదగినదే. ఊరగాయ జాడీలో తడిచేయి పెట్టినచో నాలుగు దినములలో పైన తెల్లని పొర గట్టునది బూజు. వానకాలమున పెట్టెలోని తోలుచెప్పులపై పచ్చగా మొలచునది బూజు. మన శ్రీనివాసపురము తాలూకా మామిడితోటలలో, పూత నిండుగా వచ్చినదని రైతు సంతసించుచుండగా, ఆ పూతపై బూడిద చల్లినట్లు కనిపించి పిందెను రాల్చివేయునదియు బూజుజాతియే. పిల్లల మెడపైనను, తొడలపైనను గుండ్రముగా ఎర్రబారి దురదపెట్టు తామర కూడ ఈ జాతివలననే కలుగుచున్నది. వీనినన్నిటిని కలిపి శాస్త్రజ్ఞులు శిలీంధ్రములందురు.

పట్టుపురుగులను పెంచు కుటుంబములు ఈ సభలో అనేకములున్నవి. పురుగు చచ్చి, సున్నపు ముద్దవలె తెల్లగా గట్టిపడిపోవు జబ్బును మీరెల్లరును చూచియుందురు. తట్టలకు తట్టలు తుడిచిపెట్టుకొనిపోవు ఆ జబ్బునకు కారణము ఒక శిలీంధ్రమని 1835లో ఇటలీ దేశీయుడు అగోస్తీనో బస్సీ నిరూపించెను. కంటికి కనబడని జీవివలన ఒక ప్రాణికి రోగము రాగలదని ప్రయోగపూర్వకముగా చూపబడుట అదియే మొదటిసారి. పాస్తరు, కోహ్ మొదలగు మహనీయుల కృషి ఆ తరువాతిది. రోగక్రిమి సిద్ధాంతమునకు తొలిబీజము పట్టుపురుగుల తట్టలోనే పడినదన్నచో అతిశయోక్తి గాదు. కావున మన పనిపాటలు శాస్త్రమునకు దూరమైనవని ఎవ్వరును అనుకొనరాదు.

అయితే బూజు శత్రువు మాత్రమే కాదు, మిత్రుడు కూడ. 1928లో లండనులో అలెగ్జాండరు ఫ్లెమింగు, తాను క్రిములను పెంచుచుండిన గాజుపళ్లెములో ఒక బూజు పడి చుట్టునున్న క్రిములను చంపుట గమనించెను. పెనిసిలిన్ అట్లు పుట్టినది. నేలలో కోటానుకోట్ల సూక్ష్మజీవులున్నవి. అవి ఒకదానితో నొకటి పోరాడుచు, ఆత్మరక్షణకై తమలో కొన్ని రసాయనములను తయారుచేసికొనుచున్నవి. ఆ రసాయనములను వెదకి, వేరుపరచి, మనుష్యుని రోగములకు మందుగా మార్చుటయే ప్రకృతిజన్య పదార్థముల పరిశోధన. ఈ మార్గమున నడచిన మహానుభావులలో మన తెలుగువా డొకడు అగ్రగణ్యుడు. ఆయన పేరు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

తల్లిదండ్రులారా! ఆయన జీవితమును నేను ముఖ్యముగా మీ కొరకే ఎన్నుకొంటిని. కారణము చివర చెప్పెదను.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూశాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. సంసారము పెద్దది, రాబడి తక్కువ. బాలునకు చదువుపై మనసు నిలువలేదు. పదమూడేండ్ల ప్రాయమున, కాశీలో యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవచ్చునని తలచి ఇల్లు విడిచి పారిపోయెను. తల్లి అతనిని మరల ఇంటికి తెప్పించి బడిలో కూర్చుండబెట్టినది. మెట్రిక్యులేషన్ పరీక్షలో మొదటిసారి తప్పెను. రెండవసారియు తప్పెను. మద్రాసు హిందూ హైస్కూలులో చదివి మూడవసారికి గాని గట్టెక్కలేదు.

ఆపైన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, వైద్య కళాశాలలో చేరిరి. అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచుండిన దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్సా తరగతికి సైతము ఖద్దరు ధరించి పోయిరి. ఇది ఆచార్యుడొకనికి రుచింపలేదు. ఫలితముగా మిగిలిన విషయములలో బాగుగా నుత్తీర్ణులైనను, వారికి ఎం.బి.బి.ఎస్. పట్టము రాక, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించినది. పిమ్మట మద్రాసులో డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు, మన మూలికలలోని గుణములను గూర్చి యోచించుచుండిరి.

ఇంతలో ఆ కుటుంబమున పిడుగు పడినది. స్ప్రూ అను వ్యాధివలన సుబ్బారావుగారి సోదరు లిద్దరు కొద్ది దినముల వ్యవధిలో మరణించిరి. ఆహారము వంటబట్టక, విరేచనములై, రక్తము క్షీణించి రోగి కృశించిపోవు జబ్బది. సుబ్బారావుగారికిని అది సోకినది గాని, వారు ప్రాణములతో బయటపడిరి. ఆనాడు వైద్యులకు దాని మూలమును తెలియదు, నిశ్చయమైన మందును లేదు. వైద్యము చదివియు తోబుట్టువులను కాపాడుకొనలేకపోతినను బాధ వారిని వెన్నాడినది. రోగికి మందిచ్చుటకన్న, లేని మందును కనుగొనుటయే తన పని యని వారు నిశ్చయించుకొనుటకు ఆ దుఃఖము తోడ్పడినదనవచ్చును.

కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థయు, మామగారును చేసిన ధనసహాయముతో 1922 అక్టోబరులో సుబ్బారావుగారు అమెరికాలో బోస్టను నగరము చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధుల శాస్త్రము చదువుటకు చోటు దొరికినది గాని, భుక్తికి మార్గము లేదు. పగలు చదువు, రాత్రులు ఆసుపత్రిలో సేవకుని పని. రోగుల మలమూత్ర పాత్రలను కడిగి, పక్కలు సర్ది, ఆ కూలితో పొట్టపోసికొనిరి. వైద్యపట్టము గలవాడు ఆ పనికి సిగ్గుపడలేదు. చేయు పని ఎంత చిన్నదైనను, చేరవలసిన చోటును వారు మరువలేదు.

అచట జీవరసాయనశాస్త్ర శాఖలో సైరస్ ఫిస్కె అను ఆచార్యుని కడ పనిచేయుచు, రక్తములోను మూత్రములోను గల భాస్వరమును నీలిరంగు ఆధారముగా కొలుచు పద్ధతిని 1925లో వారిరువురును ప్రకటించిరి. ఫిస్కె–సుబ్బారావు పద్ధతి యని అది ప్రపంచమంతట ప్రయోగశాలలలో వాడుకలోనికి వచ్చినది. ఆ కొలత చేతికి వచ్చినందున మరియొక రహస్యము బయటపడినది. కండరము ముడుచుకొనుటకు శక్తి ఎక్కడినుండి వచ్చుచున్నది? 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును వారు కండరములలో కనుగొనిరి. జర్మనీలో కార్ల్ లోమన్ అనునాతడును అదే కాలమున వేరుగా ఏ.టి.పి.ని కనుగొనెను. మనము నడచినను, నవ్వినను, గుండె కొట్టుకొన్నను ఖర్చగు నాణెము ఈ ఏ.టి.పి.యే. నేడు ఉన్నత తరగతుల జీవశాస్త్ర పుస్తకములలో ఈ మూడక్షరములు లేని పుస్తకము లేదు. కనుగొన్నవాడు మెట్రిక్ రెండుమార్లు తప్పినవాడని మాత్రము ఏ పుస్తకములోను ఉండదు.

ఇంత చేసినను హార్వర్డులో వారికి స్థిరమైన ఉన్నతపదవి లభింపలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివరు గ్రామమున నున్న లెడర్లీ ఔషధ ప్రయోగశాలలో చేరి, పరిశోధనలకు నాయకులైరి. తరువాతి ఎనిమిదేండ్లలో అచటినుండి వెలువడిన మందులను లెక్కింతము.

మొదటిది ఫోలిక్ ఆమ్లము. రక్తహీనత గల గర్భిణీస్త్రీలపై 1930 ప్రాంతమున బొంబాయిలో పరిశోధనలు చేసిన లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు అను శిలీంధ్రమునుండి తీసిన సారమునందు రక్తమును వృద్ధిచేయు పదార్థమేదో గలదని కనుగొనెను. ఆ పదార్థమేమో తేల్చుటకు పలుదేశములవారు శ్రమించిరి. సుబ్బారావుగారి బృందము కాలేయమునుండియు, సూక్ష్మజీవులు పెరిగిన ద్రవమునుండియు దానిని వేరుపరచి, 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసి చూపినది. తోబుట్టువులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి మేలుచేయు మందులలో ఫోలిక్ ఆమ్లము ముఖ్యమైనది. ఇరువదియేండ్లకు పైగా గడచినను ఆ సోదరుడు మరచిపోలేదు.

అమ్మలారా! ప్రభుత్వ పథకము క్రింద మన పిల్లలకు బడిలో వారమునకొకసారి ఇచ్చు నీలిరంగు మాత్రను మీరెరుగుదురు. అందులో ఇనుముతోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము గలదు. కడుపుతో నున్న స్త్రీలకిచ్చు మాత్రయందును అది గలదు. “వికారముగా నున్నది” అని పిల్లలు ఆ మాత్రను కిటికీగుండ విసరివేయుట నేను కన్నులార చూచితిని. అన్నము తిన్న పిమ్మట మ్రింగినచో వికారము తగ్గును. భీమవరపు బాలుని కన్నీరు ఆ మాత్రలో గలదని మీ పిల్లలకు చెప్పుడు.

రెండవది, ఫోలిక్ ఆమ్లమునకు విరుద్ధముగా పనిచేయు అమినాప్టెరిన్. రక్తపు కేన్సరు గల 16 మంది పిల్లలకు దీనినిచ్చి, 10 మందికి తాత్కాలికముగా గుణము గలిగెనని బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు 1948లో ప్రకటించెను. అంతకుముందు ఆ వ్యాధికి ఆశయే లేదు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో గలదు. మూడవది హెట్రజాన్. గోదావరి కృష్ణా మండలములలో బోదకాలు ఎంతటి శాపమో కోస్తా బంధువులున్నవారు ఎరుగుదురు. ఆ క్రిములపై పనిచేయు ఈ మందు 1947లో వచ్చినది. నేటికిని బోదకాలు నివారణకై ఇంటింట పంచుచున్న మాత్ర ఇదియే.

నాలుగవది మన బూజుకథకు దగ్గరి చుట్టము. డెబ్బదియేండ్లు దాటి, విశ్వవిద్యాలయమునుండి విశ్రాంతి పొందిన బెంజమిన్ డుగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞునికి లెడర్లీలో పని దొరికినది. ఆయన పలుచోట్లనుండి మట్టి తెప్పించి, అందలి జీవులను వందలకొలది పరీక్షించెను. మిస్సోరీ విశ్వవిద్యాలయపు పంటభూమినుండి వచ్చిన మట్టిలో బంగారువన్నెగల ఒక సూక్ష్మజీవి కనబడినది. దానినుండి తీసినదే ఆరియోమైసిన్. 1948లో ప్రకటింపబడిన ఈ మందు, టెట్రాసైక్లిన్ కుటుంబమున మొట్టమొదటిది. పెనిసిలిన్‌కు లొంగని పలు రోగములను లొంగదీసినది.

కోలారు బంగారుగనులలో మన తెలుగువారెందరో చెమటోడ్చిరి. 2001లో ఆ గనులు మూతపడినవి గాని, ఆ పని ఎట్టిదో పెద్దలు మరువలేదు. మూడు కిలోమీటర్లకు మించిన లోతునుండి రాయి తెచ్చి, పిండిచేసి, కడిగి, టన్నుకు కొన్ని గ్రాముల బంగారము తీసిరి. మట్టిలో మందు వెదకుటయు అట్టిదే. వేయి మట్టులలో తొమ్మిదివందల తొంబదికి పైగా వ్యర్థము. మిగిలినవానిలో పలుమందులు విషము. ఒక్కటి పనికివచ్చును. ఓపిక లేనివాడు గనిలోను నిలువలేడు, ప్రయోగశాలలోను నిలువలేడు.

ఆరియోమైసిన్ వెలువడిన 1948వ సంవత్సరముననే, ఆగస్టు నెలలో, సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి పరమపదించిరి. వయస్సు 53 సంవత్సరములు. 1922లో ఓడ ఎక్కినవారు మరల స్వదేశమును చూడలేదు. ఇచట భార్య శేషగిరిగారు ఎదురుచూచుచునే యుండిరి. ఆ ఘనతవెనుక ఈ ఇల్లాలి త్యాగమున్నదని మనము గుర్తింపవలెను. 1953లో హెసెల్టైన్ అను శాస్త్రజ్ఞుడు క్రొత్తగా కనుగొన్న ఒక శిలీంధ్రజాతికి సుబ్బారోమైసిస్ అని నామకరణము చేసెను. 1995లో, శతజయంతి సందర్భమున, భారత ప్రభుత్వము వారి చిత్రముతో తపాలాబిళ్ల వెలువరించినది. రాజులకు కోటలు మిగిలినవి. మనవానికి ఒక బూజుపై పేరు మిగిలినది. శాస్త్రజ్ఞునికి అంతకన్న గౌరవమేమి?

ఇక కథలో రెండవ అంకము. ఆరియోమైసిన్ వంటి మందులు రోగక్రిములతోపాటు, మన నోటిలోను ప్రేగులలోను నివసించి మనకు మేలుచేయు బాక్టీరియాను గూడ చంపుచున్నవి. కాపలావారు లేని పొలములో దొంగ పడినట్లు, అంతవరకు అణగియున్న ఈస్టుజాతి శిలీంధ్రములు అప్పుడు విజృంభించి నోటిపూతను, ఇతర బాధలను కలిగించినవి. బాక్టీరియాకు మందు దొరికినది, శిలీంధ్రమునకు మందేది?

ఇది కష్టమైన ప్రశ్న. బాక్టీరియా శరీరనిర్మాణము మన కణముల నిర్మాణమునకు చాల భిన్నమైనది. కావున దానినే గురిచూచి కొట్టు మందు దొరకుట సులభము. శిలీంధ్రము మనకు దగ్గరి చుట్టము. దాని కణము మన కణమును పోలియుండును. దానిని చంపు విషము మనలను గూడ బాధించును. అయితే ఒక తేడా గలదు. మన కణముల గోడపొరలో కొలెస్టరాల్ ఉండగా, శిలీంధ్రముల పొరలో ఎర్గోస్టెరాల్ అను వేరొక పదార్థముండును. ఆ ఎర్గోస్టెరాల్‌ను పట్టుకొని పొరను చిల్లులుపరచు మందు కావలెను.

అట్టి మందును న్యూయార్కు రాష్ట్ర ఆరోగ్యశాఖకు చెందిన ఇద్దరు స్త్రీలు కనుగొనిరి. ఎలిజబెత్ హేజన్ న్యూయార్కు నగరములో మట్టినుండి జీవులను పెంచి గాజుసీసాలలో టపాద్వారా పంపును. రేచల్ బ్రౌన్ ఆల్బనీలో వాని సారము తీసి మరల టపాలో పంపును. ఒకరిది సూక్ష్మజీవశాస్త్రము, ఒకరిది రసాయనము. వర్జీనియాలో ఒక స్నేహితుని పాడిపొలపు మట్టిలో వారికి కావలసినది దొరికినది. 1950లో ప్రకటింపబడిన ఆ మందునకు, తమ రాష్ట్రము పేరిట, నిస్టాటిన్ అని పేరిడిరి. దానివలన వచ్చిన కోటి ముప్పది లక్షల డాలర్లకు పైబడిన ఆదాయమును వారు తమకుంచుకొనక విజ్ఞాన పరిశోధనలకే అర్పించిరి. 1966లో ఫ్లారెన్సు నగరము వరదలో మునిగినపుడు బూజుపట్టిన ప్రాచీన చిత్రపటములను కాపాడుటకు సైతము ఈ మందు ఉపకరించినది. ఆడపిల్లకు విజ్ఞానమెందుకని అడుగువా రెవరైన ఇచటనున్నచో, ఈ సంగతి ఇంటికి తీసికొనిపోవుదురు గాక!

మన దేశము వెనుకబడి యుండలేదు. 1954లో పూనా సమీపమున పింప్రీలో హిందుస్థాన్ యాంటిబయోటిక్స్ కర్మాగారము వెలసినది. బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో బోధించిన శిలీంధ్రశాస్త్రజ్ఞుడు ఎం.జె. తిరుమలాచార్‌గారు అచట పరిశోధనలకు నాయకత్వము వహించిరి. 1961లో ఆయనయు ఆయన సహచరులును పింప్రీ మట్టిలోని సూక్ష్మజీవినుండి హామైసిన్ అను మందు తీసిరి. ఆ జీవికి ఆ ఊరి పేరే పెట్టిరి. పిమ్మట పంటల తెగుళ్లకు ఉపకరించు ఆరియోఫంగిన్‌ను, చర్మవ్యాధులకై డెర్మోస్టాటిన్‌ను వెలువరించిరి. హామైసిన్ లోపలికి మ్రింగినపుడు రక్తములో సమముగా చేరకుండుటచే, దాని వాడుక ఎక్కువగ పైపూతకే పరిమితమైనది. శాస్త్రములో పూర్ణవిజయములు అరుదు. అయినను మన మట్టిలో మందు గలదని, దానిని మనవారు తీయగలరని నిరూపింపబడినది.

ఇక చెట్టుచేమల సంగతి. 1933నుండి 1949వరకు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య టి.ఆర్. శేషాద్రిగారు పువ్వులు, బెరడులు, కాయలలోని సహజపదార్థములను పరిశోధించి, శిష్యులను తీర్చిదిద్దిరి. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీగారు వేపనూనెనుండి నింబిన్‌ను వేరుపరచిరి. అవ్వలు చెప్పిన వేప, పసుపుల గుణములలో సారము గలదని ఇట్టి పరిశోధనలవలన తెలిసినది. అయితే ఒక మాట. ప్రకృతిలోనిదంతయు హితము గాదు. ఉమ్మెత్తయు ప్రకృతిలోనిదే. తడిసి బూజుపట్టిన శెనక్కాయలలో పుట్టు అఫ్లటాక్సిన్ అను విషమును ప్రకృతియే తయారుచేయుచున్నది. 1960లో ఇంగ్లండులో వేలకొలది టర్కీకోళ్లు చచ్చినపుడు ఆ విషము బయటపడినది. అది కాలేయమును చెరచును. కావున బూజుపట్టిన కాయలను కడిగి ఎండబెట్టి పిల్లలకు పెట్టకుడు, పశువులకును పెట్టకుడు. ప్రకృతినుండి మందు తీయుట యనగా ఆకు నూరి పూయుట మాత్రమే కాదు. అందులో పనిచేయున దేది, ఎంత మోతాదు, ఎవరికి హాని అని తేల్చుట.

ఈ కథ ముగియలేదు. 2021లో కోవిడు రెండవ ఉప్పెన వచ్చినపుడు, చక్కెరవ్యాధి అదుపులో లేక, స్టెరాయిడు మందులు ఎక్కువగా వాడిన రోగులకు నల్ల ఫంగస్ అను వ్యాధి సోకి కన్నులు, దవడలు పోవుట మీరు వినియుందురు. దానికి ముఖ్యమైన మందు ఆంఫోటెరిసిన్. వెనిజులా దేశపు ఓరినోకో నదీతీరపు మట్టినుండి 1950 దశకమున తీయబడినది. ఆ దినములలో దాని కొరకు బంధువులు ఊరూర తిరిగిరి. 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ అపాయకరములైన 19 శిలీంధ్రముల పట్టికను మొట్టమొదటిసారిగా ప్రకటించి, మందులు తక్కువ, పరిశోధన తక్కువ యని హెచ్చరించినది.

మన ఇండ్లలోను ఈ అపాయము గలదు. తామరకు వైద్యుని అడుగక, అంగడిలో దొరకు స్టెరాయిడు కలిసిన లేపనము పూయుచున్నారు. దురద రెండు దినములలో తగ్గును. తామర లోలోపల వ్యాపించును. మంచి మందు దొరికినను మచ్చ మాయగానే మానివేయుచున్నారు. మిగిలిన శిలీంధ్రము మరల తలయెత్తును; క్రమముగా మందునకు లొంగకుండును. వైద్యుడు చెప్పినన్ని దినములు పూయుడు. ఒకరి తువాలు మరియొకరు వాడకుడు. ఇంటిలో అందరికి నున్నచో అందరును ఒక్కసారి వైద్యము చేయించుకొనుడు.

ఇక నేను మొదట దాచిన మాట.

అనేక సంవత్సరముల క్రిందట నా తరగతిలో ఒక బాలుడుండెను. పదవ తరగతి పరీక్షలో రెండుసార్లు తప్పెను. ప్రశ్నలు మాత్రము విచిత్రమైనవి వేయుచుండెను. మామిడిపూతపై గంధకపు పొడి చల్లిన బూడిద తెగులు ఏల తగ్గునని ఒకనాడు నన్నడిగెను. నాకు సరిగా తెలియదు; తెలియదని చెప్పుటకు మారుగా, పాఠములో లేనిది అడుగవలదని గద్దించితిని. తండ్రి వచ్చి సలహా అడిగినపుడు, “వీనికి విజ్ఞానము అబ్బదు, మండీలో పెట్టుడు” అంటిని. తండ్రి నామాట వేదవాక్కుగా గైకొనెను. బాలుడు మండీకి పోయెను. నేటికిని అచట లెక్కలు వ్రాయుచున్నాడు. నిజాయితీపరుడని పేరు తెచ్చుకొన్నాడు. అతని బ్రతుకు చెడిపోలేదు. అయినను అతడు ఏమి కాగలిగియుండెనో నాకును తెలియదు, అతనికిని తెలియదు. ఆ ద్వారమును మూసినవాడను నేను.

గతమాసమున అతడు నన్ను దారిలో కలిసికొనెను. అతని కూతురు మన బడిలో తొమ్మిదవ తరగతి. అర్ధసంవత్సర పరీక్షలో గణితమున తప్పినది. అతడు కోపముతో గాదు, మెల్లగా ఇట్లడిగెను: “సార్, ఆ పొద్దు మా నాయనతో మీరు చెప్పిన మాట నాకు జ్ఞాపకముండాది. ఇప్పుడు నా బిడ్డకు ఏం చెప్తారు? చదివిచ్చేదా, నిలిపేసేదా?”

నేను వెంటనే ఉత్తరమీయలేకపోతిని. ఈ ప్రసంగమే నా ఉత్తరము. అయ్యా, నీవు ఈ సభలో నున్నావని ఎరుగుదును. చదివింపుము. రెండుసార్లు తప్పిన పిల్లలందరును సుబ్బారావులు కాగలరని నేను చెప్పను, అది అబద్ధము. కాని ఎవడు కాగలడో, ఏ బాలిక కాగలదో చెప్పుటకు నావంటి ఉపాధ్యాయునికి గాని, ఒక్క పరీక్షకు గాని అధికారము లేదు. సుబ్బారావును రెండవ తప్పుతో నిలిపివేసియుండినచో, ఆయన చేసిన మేలు ఎన్నాళ్లు ఆలస్యమయ్యెడిదో ఎవరు చెప్పగలరు? కాశీనుండి మరలించి బడిలో కూర్చుండబెట్టిన ఆ తల్లి శాస్త్రము చదువలేదు. తలుపు మూయలేదు, అంతే.

మరియొక మాట. మనము కన్నడసీమలో నివసించు తెలుగువారము. కన్నడము మన అన్నము పెట్టు భాష. దానిని ప్రేమతో నేర్పుడు. ఇంగ్లీషు లోకపు వాకిలి. దానిని శ్రద్ధతో నేర్పుడు. కాని బిడ్డ మొదటి ప్రశ్న తల్లిభాషలోనే పుట్టును. “అమ్మా, ఈ బూజు ఎందుకు పట్టింది?” అని ఇంట అడిగినపుడు, తెలిసినంత చెప్పుడు, తెలియనిచో “తెలియదు, అయ్యవారిని అడుగు” అనుడు. అయ్యవారికిని తెలియనిచో ఇద్దరును కలిసి వెదకుదురు. గద్దింపకుడు. ప్రశ్నను చంపు మందు మాత్రము ఏ మట్టిలోను వెదకనక్కరలేదు. అది మన నాలుకపైనే గలదు.

ఆ బాలిక గణితమునకై ఆదివారము ఉదయమున మా ఇంటికి రావచ్చును. తప్పిన వారెవరైనను రావచ్చును; వేతన మేమియు లేదు. గంధకపు పొడి సంగతి కూడ ఇప్పుడు చదివి తెలిసికొంటిని. ఆమె తండ్రియు వచ్చినచో అతనికి చెప్పవలసిన బాకీ గలదు.